ఇరవై ఒక్క సీసాల వరుస

సింగపూర్ ఎలా ఉందని రొయ్యల షెడ్డులో అందరూ అడుగుతున్నారు. ఒక్కొక్కరికీ చెబుతూ కూర్చుంటే ఐసు కరిగి సూపర్‌వైజరు నా మీదికి వస్తున్నాడు. అందుకని అందరికీ కలిపి ఒకేసారి చెబుతున్నాను, మా వీధిలో మిషను కుట్టే పద్మ రాస్తోంది. నాకు సంతకం వచ్చు, అంకెలు వచ్చు, బస్సు మీద కాకినాడ అని రాసి ఉంటే గుర్తుపడతాను. అక్కడితో సరి. మధ్యమధ్యలో మంచి మాటలు పెడతానని పద్మ అంది. వద్దన్నాను.

విమానం

మా అమ్మాయి సత్యవేణి అక్కడ యూనివర్సిటీలో సముద్రం గురించి చదువుతోంది. వాళ్ళ నాన్న పోయినప్పుడు దానికి పదమూడేళ్ళు. నేను రొయ్యలు ఒలిచాను, సెలవుల్లో అదీ నా పక్కన కూర్చుని ఒలిచింది. తర్వాత స్కాలర్‌షిప్పులు వచ్చాయి, వెళ్ళిపోయింది. మూడేళ్ళుగా ఇంటికి రాలేదు. ఈమధ్య ఫోనులో గొంతు బాగోలేదు. ఏమైందే అంటే ఏం లేదంది. ఏం లేనిదానికి టికెట్టెందుకు పంపావే అంటే, ఎండు రొయ్యలు తెమ్మంది. వెళ్ళాను.

విశాఖపట్నంలో ఎక్కిస్తే నాలుగు గంటల్లో దింపారు. మా ఊరి నుంచి విశాఖపట్నం రావడానికే అంతకన్నా ఎక్కువ పట్టింది. దిగాక ఒక ఆఫీసరమ్మ నా సంచి తెరిపించింది. అందులో ఎండు రొయ్యల డబ్బా ఉంది. మూత తీసింది. వెంటనే పెట్టేసింది. వెళ్ళమని చెయ్యి ఊపింది. ఇంత తొందరగా పని అయిపోయిన ఆఫీసు నేను ఇంతవరకు చూడలేదు.

క్లెమెంటి

వేణి ఉండేది క్లెమెంటి అనే చోట. పదకొండో అంతస్తులో ఒక చైనా ముసలావిడ ఫ్లాటు, అందులో ఒక గది దీనిది. ఇంటావిడ మంచిది, కాని అక్కడ లైట్ కుకింగ్ అని ఒక పద్ధతి ఉంది. అంటే నీళ్ళు కాచుకోవచ్చు, గుడ్డు ఉడకబెట్టుకోవచ్చు, తాలింపు పెట్టకూడదు. తాలింపు లేకుండా మూడేళ్ళు ఎలా బతికావే అని అడిగాను. అలవాటైపోయిందమ్మా అంది. పిల్ల చిక్కిపోవడానికి కారణం దొరికిందనుకున్నాను. అది కాదని తర్వాత తెలిసింది.

గదిలో దేవుడి పటం చిన్నది, దాని పక్కన ఒక ఫోటో పెద్దది. ఫోటోలో ఒక ట్రే, ట్రేలో గాజు సీసాలు మూడు వరుసలు, వరుసకు ఏడు. ప్రతి సీసాలో అడుగున మడ్డి. కొన్నిటిలో సగం దాకా ఉంది, కొన్నిటిలో గోరంత.

"ఇదేంటే?"

"నా చదువమ్మా."

తను చెప్పింది నాకు అర్థమైనంత వరకు చెబుతాను. భూమికి బాగా దక్షిణాన, మంచు పేరుకునే చోట ఒక సముద్రం ఉంది. అక్కడ ఓడవాళ్ళు ఒక పెద్ద గరాటును తాడుకు కట్టి లోతుకు దింపుతారు. పైన బతికినవి చచ్చినా, తిన్నవి విసర్జించినా, అన్నీ మెల్లగా మంచు రాలినట్టు కిందికి రాలుతూ ఉంటాయి. గరాటులో పడతాయి. గరాటు కింద చక్రం, చక్రానికి ఇరవై ఒక్క సీసాలు. పదిహేడు రోజులకొకసారి చక్రం దానంతట అదే తిరిగి కొత్త సీసా వస్తుంది. ఏడాది తర్వాత ఓడ వెళ్ళి పైకి లాగుతుంది. ఎండాకాలం ఎక్కువ రాలుతుంది. చలికాలం పైన మంచు కప్పేసి చీకటైపోతుంది, ఏమీ రాలదు. ఎప్పుడు ఎంత రాలింది, ఏం రాలింది అన్నది దీని చదువు.

"అంటే సముద్రం చెత్త."

"చెత్త కాదమ్మా. గాలిలో ఉన్న పొగంతా అలాగే కిందికి పోతుంది. అడుగున ఉన్నవాటికి అదే తిండి."

"చలికాలం ఏమీ రాలదన్నావు. మరి అప్పుడేం తింటాయి?"

"ఆగుతాయి," అంది.

ఆ రోజు చికెను రైసు తెచ్చింది, నాలుగు డాలర్ల యాభై సెంట్లు. ఉడికించిన కోడి, ఉప్పు తక్కువ, పక్కన దోసకాయ ముక్కలు. అన్నం మాత్రం బాగుంది.

హాకర్ సెంటరు

మర్నాడు మధ్యాహ్నం భోజనానికి హాకర్ సెంటరుకు తీసుకెళ్ళింది. పెద్ద రేకుల షెడ్డు, చుట్టూ కొట్లు, మధ్యలో బల్లలు. మన షెడ్డులాగే ఉంది, ఫ్యాన్లు ఎక్కువ. వేణి తిండికి లైనులో నిలబడింది. నన్ను చోటు చూసుకోమంది.

ఒక బల్ల ఖాళీగా ఉంది. దాని మీద చేతిరుమాళ్ళలాంటి కాగితాల ప్యాకెట్ ఒకటి ఉంది. ఎండకి ముఖం జిడ్డుగా ఉంది. ఎంత మర్యాద, కూర్చున్నవాళ్ళకి తుడుచుకోవడానికి కూడా పెట్టారనుకున్నాను. రెండు తీసి ముఖం తుడుచుకున్నాను. ఒకటి తీసి మెడ తుడుచుకున్నాను. మిగతావి సంచిలో పెట్టుకున్నాను.

ఒక చైనా ముసలాయన నూడుల్స్ ప్లేటుతో వచ్చి నా ఎదురుగా నిలబడ్డాడు. నన్ను చూశాడు, బల్ల చూశాడు. ఈలోగా వేణి పరిగెత్తుకొచ్చింది. ఆ ఊళ్ళో బల్ల మీద టిష్యూ ప్యాకెట్ పెట్టారంటే ఆ చోటు వాళ్ళదని లెక్కట. దాన్ని చోప్ చేయడం అంటారు. తాళం లేదు, రసీదు లేదు, కాగితాల ప్యాకెట్ పెట్టి వెళ్ళిపోతారు, ఎవరూ ముట్టుకోరు. నేను ముట్టుకున్నాను.

"ఇట్స్ ఓకే, ఆంటీ. సిట్, సిట్ లా," అన్నాడాయన. అక్కడ మాట చివర లా అని తగిలిస్తారు. కూర్చుని తినేశాడు. వెళ్ళేటప్పుడు నా సంచి వంక ఒకసారి చూశాడు.

ఆ బల్ల దగ్గరికే షు మిన్ వచ్చింది. వేణి ల్యాబులో పనిచేసే పిల్ల, చైనా వాళ్ళమ్మాయి, పుట్టింది అక్కడే. నాకు దణ్ణం పెట్టింది. వేణి పక్కన కాకుండా నా పక్కన కూర్చుంది. ఇద్దరూ ఒకరి వంక ఒకరు చూసుకోలేదు. చేపల సూపు సగం తాగి లేచిపోయింది.

"ఏంటే మీ ఇద్దరికీ?"

"ఏం లేదమ్మా."

"ఏం లేకపోతే తన చేప ముక్కలన్నీ నా గిన్నెలో వేసి ఎందుకెళ్ళింది?"

అప్పుడు చెప్పింది. ఇంటికి వెళ్ళి ఫోటో ముందు నిలబెట్టి మరీ చెప్పింది. ఓడ నుంచి వచ్చిన సీసాల్లోంచి కొంచెం కొంచెం తీసి ఈ చిన్న సీసాల్లో పోసింది వేణి. గాజు తడిగా ఉంటే లేబుల్ అంటదట. అందుకని సాయంత్రం తను ట్రేలో పేర్చి వెళ్తే, మర్నాడు పొద్దున్న షు మిన్ లేబుళ్ళు అంటించింది. ఎనిమిది నెలలు లెక్కపెట్టాక చూస్తే మధ్యలో తేడా వచ్చింది. ఎండాకాలం బోలెడు రాలి, ఉన్నట్టుండి ఆగిపోయి, మళ్ళీ నడి చలికాలంలో పెరిగి, మళ్ళీ ఉన్నట్టుండి ఆగిపోయింది. అలా రాలదట. లేబుళ్ళు తారుమారయ్యాయని దీని చదువు చూసే సారు అన్నాడు. ఎలా తారుమారయ్యాయో తెలియకపోతే మధ్య ఏడు సీసాలూ పారెయ్యాలి, ఊహించి వాడుకోవడానికి వీల్లేదు. అసలు సీసాలు ఓడవాళ్ళ దేశానికి తిరిగి వెళ్ళిపోయాయి. ఒకసారి చూడండని రాస్తే, చూస్తామన్నారు. చూడలేదు. షు మిన్ కాంట్రాక్టు నెలాఖరుతో అయిపోతుంది. ఇక పొడిగించరు.

"ఆ పిల్ల ఏమంటోంది?"

"ఉన్న వరుసలోనే అంటించానంటోంది. నేను వరుసగానే పెట్టానమ్మా. నాకు బాగా గుర్తు. చూడు, ఇక్కడ చూడు. ఎంత అసహ్యంగా ఉందో తెలియడంలేదూ?"

చూశాను. లేబుళ్ళు నా కళ్ళకు ఆనవు. మడ్డి మాత్రం కనిపిస్తోంది. ఎక్కువ, కొంచెం తక్కువ, ఇంకా తక్కువ, అలా తగ్గుతూ తగ్గుతూ ఏమీ లేకుండా పోయి, చివర్లో మళ్ళీ కొంచెం.

"బాగానే ఉంది కదే," అన్నాను.

"నీకు తెలియదులే అమ్మా," అంది.

నిజమే, నాకు తెలియదు. అన్నం తిని పడుకున్నాను.

ల్యాబు

నాలుగో రోజు అనుమతి తీసుకుని ల్యాబు చూపించింది. తెల్ల కోటు వేశారు. మన షెడ్డులో జుట్టుకు వేసే టోపీ ఉంది కదా, అలాంటిది కూడా ఇచ్చారు. నేను అడక్కుండానే సరిగ్గా పెట్టుకోవడం చూసి సారు మెచ్చుకున్నాడు. లోపల చలి. ముక్కు మండే మందు వాసన.

భూతద్దం మిషను కింద ఒక బొట్టు పెట్టి టీవీలో చూపించారు. నల్లగా, పొడుగ్గా, దారం ముక్కల్లాగా ఉన్నాయి.

"ఇవేంటో తెలుసా అమ్మా? అక్కడ చిట్టి రొయ్యలుంటాయి, కోట్ల కోట్లు. ఇవి వాటి..."

"రెట్ట," అన్నాను. "వీపులో నరం."

రొయ్య వీపు చీల్చి మనం లాగి బకెట్లో పారేసే నల్ల నరం ఉందే, అదే. నేను పదిహేనేళ్ళుగా తీసి పారేస్తున్నాను. మా అమ్మాయి దాన్ని చిన్న పట్టుకారుతో ఏరి, లెక్కపెట్టి, తూకం వేస్తోంది. దానికి స్కాలర్‌షిప్పు ఇస్తున్నారు. సారుకు వేణి ఈ మాట ఇంగ్లీషులో చెప్పింది. ఆయన నవ్వి నాకు షేక్‌హ్యాండ్ ఇచ్చాడు. షు మిన్ మూలన సీసాలు కడుగుతోంది. ఆమె నవ్వలేదు. ఆమె బల్ల మీది వస్తువులు అప్పుడే ఒక అట్టపెట్టెలో సర్ది ఉన్నాయి.

సెంగ్‌కాంగ్

ఆదివారం సెంగ్‌కాంగ్‌లో అనురాధ వాళ్ళింట్లో సత్యనారాయణ వ్రతం. అనురాధది కరీంనగర్, బ్యాంకులో పని. క్లెమెంటి ఒక చివర, సెంగ్‌కాంగ్ ఇంకో చివర. రైలు దిగి, దానికన్నా చిన్న రైలు ఎక్కాలి. ఆ చిన్నదానికి డ్రైవరు లేడు. ముందు అద్దం దగ్గర నిలబడి చూశాను, నిజంగానే ఎవరూ లేరు. దిగేదాకా అక్కడే నిలబడ్డాను. ఎవరో ఒకరు చూస్తూ ఉండాలి కదా.

పూజ బాగా జరిగింది. పంతులు గారు కంప్యూటర్లో చదివించారు. మన ఊళ్ళో పూజైతే కుంకుమ భరిణె పట్టుకుని ఒకావిడ వరసగా అందరికీ పెట్టుకుంటూ వస్తుంది, నా దగ్గరకొచ్చేసరికి పక్కావిడ చీర గురించి ఏదో గుర్తొచ్చి అటు తిరుగుతుంది. అక్కడ బల్ల మీద ప్లేటు పెట్టేశారు, ఎవరిది వాళ్ళే పెట్టుకోవాలి. నేనూ పెట్టుకున్నాను. ఎవరూ చూడలేదు.

అనురాధ కూతురు వచ్చి, "అమ్మమ్మా, యూ ఈట్ ఆల్రెడీ?" అంది. తెలుగులో అడగవే అని వాళ్ళమ్మ అరిచింది. "తిన్నారా లా?" అంది.

భోజనాల ముందు వంటింట్లో లడ్డూలు చుట్టాం. నేను చుడుతున్నాను, వేణి పెద్ద ట్రేలో పేరుస్తోంది. అనురాధ నెయ్యి గిన్నెతో వచ్చి ఆగింది.

"గిదేం పేర్చుడు వేణీ? పాము తిరిగినట్టు అటు పోయి ఇటొస్తున్నవ్?"

"మామూలుగానే పెడుతున్నానుగా అక్కా."

"ఏడ మామూలు? పై వరుస గిట్నుంచి మొదలువెట్టినవ్, రెండోది గట్నుంచి వెడుతున్నవ్."

వేణి చెయ్యి చూసుకుంది. "అవును," అని నవ్వి, మళ్ళీ అలాగే పెట్టింది.

షెడ్డులో మీకు చెప్పక్కర్లేదు, మీరంతా చేసేదే. ట్రేలో రొయ్యలు పేర్చేటప్పుడు మొదటి వరుస ఎడమ నుంచి కుడికి. కుడి చివరకు వెళ్ళిన చెయ్యి ఖాళీగా వెనక్కి రావడమెందుకని, రెండో వరుస కుడి నుంచే మొదలుపెట్టి ఎడమకు. మూడోది మళ్ళీ ఎడమ నుంచి. మనకెవరూ నేర్పలేదు. వేణికి నేను నేర్పలేదు. పదమూడేళ్ళ పిల్ల నా పక్కన కూర్చుని నా చెయ్యి చూసి పెట్టింది.

నా చేతిలో లడ్డూ చితికిపోయింది. మళ్ళీ చుట్టాను. ఫోటోలో నాకు తేడా ఎందుకు కనిపించలేదో అప్పుడు తెలిసింది. నేను దాన్ని మన ట్రే చూసినట్టు చూశాను. అటు వెళ్ళి ఇటు వచ్చాను.

పాయసం రెండు గిన్నెలు తిన్నాను. రుచి చెప్పమంటే చెప్పలేను.

రైలు

తిరుగు రైల్లో గంటకు పైగా ప్రయాణం. మొదటి అరగంట నేను నోరు విప్పలేదు. చెబితే తప్పు నా కూతురిది అవుతుంది. సారు దగ్గర దాని మాట పోతుంది. చెప్పకపోతే పన్నెండు రోజుల్లో ఆ పిల్ల అట్టపెట్టె పట్టుకుని వెళ్ళిపోతుంది, ఇంకెవరూ ఏమీ అడగరు. రెండూ ఆలోచించాను. చేప ముక్కలు కూడా గుర్తొచ్చాయి.

"సీసాలు పేర్చినప్పుడు రెండో వరుస ఎటు నుంచి పెట్టావే?" అన్నాను.

"ఎడమ నుంచి. ఎందుకు?"

"లడ్డూలు ఎటు నుంచి పెట్టావు?"

అది నా వంక చూసింది. ఒక స్టేషను వెళ్ళింది. ఇంకొకటి వెళ్ళింది.

"అమ్మా, అది ల్యాబు. నీ రొయ్యల షెడ్డు కాదు."

"చెయ్యి ఒకటే కదా."

"నాకు పీహెచ్‌డీ వస్తోందమ్మా. నేను సీసాలు పేర్చలేనా?"

"పేర్చావు. బాగానే పేర్చావు. ఆ పిల్లకి మన పేర్పు తెలియదు. నువ్వు పెట్టినచోటే అంటించింది."

అది ముఖం అటు తిప్పుకుంది. ఎదురు సీటులో ఒకావిడ తన కూతురికి జడ వేస్తోంది. దిగేదాకా అదే చూశాను.

గదికి వెళ్ళాక ఫోటో గోడ మీంచి తీసింది. కత్తెరతో మధ్య వరుస అడ్డంగా కోసింది. ఏడు సీసాలనూ విడివిడిగా కత్తిరించి, చివరది మొదటికి, మొదటిది చివరకు తెచ్చి, మూడు వరుసలనూ మంచం మీద ఒకే పొడుగు బారుగా పేర్చింది. ఎక్కువ, తక్కువ, ఇంకా తక్కువ, ఏమీ లేదు, ఏమీ లేదు, మళ్ళీ కొంచెం.

"సారుకు నేను ప్రమాణం చేసినట్టు చెప్పానమ్మా," అంది. "వరుసగా పెట్టానని. షు మిన్ ఎదురుగానే చెప్పాను."

"అప్పుడు నీకు తెలియదు."

"ఇప్పుడు చెబితే నన్నేమంటారో నీకు తెలుసా?"

"తెలియదు," అన్నాను. నాకు నిజంగా తెలియదు.

"నెలాఖరు దాటాక చెప్పినా సీసాలు బాగుపడతాయి."

"సీసాలు బాగుపడతాయి," అన్నాను.

మంచం నిండా సీసాల ముక్కలున్నాయి. అది వాటిని తియ్యలేదు, నేనూ తియ్యలేదు. ఇద్దరం కింద చాప మీద పడుకున్నాం.

వెస్ట్ కోస్టు

పొద్దున్న లేచేసరికి అది లేదు. ముక్కలు కూడా లేవు, పట్టుకెళ్ళింది. ఫోను చేస్తే ఎత్తలేదు. ఇంటావిడకు నా ముఖం చూసి ఏమనిపించిందో, నన్ను బస్సెక్కించి సముద్రం దగ్గరి పార్కుకు తీసుకెళ్ళింది. ఆవిడకు తెలుగు రాదు, నాకు చైనా రాదు. దారంతా మాట్లాడుకుంటూనే వెళ్ళాం.

అక్కడి సముద్రానికి అల లేదు. ఇసుక లేదు, రాళ్ళ గట్టు. ఎటు చూసినా ఓడలే, అవతల జురాంగ్ ఐలాండ్ గొట్టాలు, టాంకులు. మన ఉప్పాడ సముద్రం ఇంటి గోడలు పట్టుకుపోతుంది. ఇది బల్ల మీద పళ్ళెంలో నీళ్ళలాగా ఉంది. దీని అడుగున కూడా ఏదో ఒకటి రాలుతూనే ఉంటుంది కాబోలు. ఇంటావిడ ఫ్లాస్కులోంచి కాఫీ పోసింది. చక్కెర వేరుగా, పాలు వేరుగా, మనమే కలుపుకోవాలి. నేను కలపడం మర్చిపోయి తాగాను.

సాయంత్రం నాలుగింటికి వేణి ఫోను చేసింది. చెప్పేసింది. లడ్డూల సంగతి కూడా చెప్పిందట. సారు ఒక ఖాళీ ట్రే తెప్పించి, ఇరవై ఒక్క ఖాళీ సీసాలిచ్చి, ఆలోచించకుండా పేర్చమన్నాడట. తను పేర్చిందట. సారు వెంటనే ఓడవాళ్ళకు రాశాడు. అన్నీ వద్దు, ఎనిమిదోదీ పద్నాలుగోదీ రెండే తెరిచి చూడండి అని.

నాలుగు రోజులకు జవాబొచ్చింది. ఎనిమిదిలో సగం ఉంది, పద్నాలుగులో ఏమీ లేదు. మంచం మీద పేర్చిన బారులోనూ అంతే.

తర్వాత జరిగినవన్నీ మంచివి కావు. వేణి ఆ ఏడు సీసాలూ మొదటి నుంచి మళ్ళీ లెక్కపెట్టాలి. చదువు పూర్తి కావడం ఆరు నెలలు వెనక్కి పోయింది. సారు ఇప్పుడు దాని ప్రతి పనీ రెండోసారి చూస్తున్నాడు. షు మిన్‌కు కాంట్రాక్టు ఏడాది పొడిగించారు. వేణి వెళ్ళి సారీ చెబితే, ఓకే అందట. ఓకే అని వెళ్ళిపోయిందట. ల్యాబులో ప్రతి ట్రేకూ ఇప్పుడు ఎర్ర టేపుతో బాణాలు అంటించారు, మూడు వరుసలకు మూడు, అన్నీ ఒకే వైపు. అంటించింది షు మిన్.

నేను బయల్దేరే రోజు షు మిన్ స్టేషను దాకా వచ్చింది. నా సంచి మోసింది. వేణితో పని మాటలు తప్ప మాట్లాడలేదు. రైలొచ్చేటప్పుడు నా చేతిలో ఒక కొత్త టిష్యూ ప్యాకెట్ పెట్టింది.

"ఆంటీ, దిస్ వన్ యువర్స్," అంది. ముసలాయన సంగతి వేణి ఎప్పుడో చెప్పి ఉంటుంది.

మళ్ళీ షెడ్డు

వచ్చిన మర్నాడే పనిలోకి వెళ్ళాను. టీ విరామంలో నా పీట మీద ఆ టిష్యూ ప్యాకెట్ పెట్టి వెళ్ళాను. తిరిగొచ్చేసరికి సత్తెమ్మ దాని మీదే కూర్చుని ఉంది. తప్పు ఆమెది కాదు.

ఒక రోజు ట్రేలో అన్ని వరుసలూ ఎడమ నుంచి పేర్చి చూశాను. అరగంటలో రెండు ట్రేలు వెనకబడ్డాను. ఏమైంది మంగతాయారూ, సింగపూర్ వెళ్ళొచ్చి పని మర్చిపోయావా అన్నాడు సూపర్‌వైజరు. మళ్ళీ మన పద్ధతిలోకి వచ్చేశాను. నరం తీసి బకెట్లో వేసేముందు మాత్రం ఒకసారి చూస్తున్నాను. చూసి వేస్తున్నాను.

మొన్న వేణి ఫోను చేసింది. నడి చలికాలం సీసాలు మళ్ళీ లెక్కపెట్టిందట. నిజంగానే ఏమీ లేవట.

"తిన్నావా?" అన్నాను.

"ఇప్పుడే మకాన్ అయింది. షు మిన్ కూడా వచ్చింది." మకాన్ అంటే అక్కడ తిండి.

నేను తిరిగొచ్చి రెండు నెలలైంది. ఆ పిల్ల దీనితో కలిసి తినడం ఇదే మొదటిసారి.

"నీ ఎదురుగా కూర్చుందా, పక్కనా?"

"నేను తిండికి లైనులో ఉన్నానమ్మా. తనే ముందెళ్ళి బల్ల చోప్ చేసింది."

"ఎన్ని ప్యాకెట్లు పెట్టింది?"

"ఒకటే. ఇద్దరికీ."

సరే, నాకు ట్రే ఉంది, పెట్టెయ్ అన్నాను.